పన్నెండు కప్పలు, ఒక కొసరు

మా సాన్ బర్తోలోలో చిత్తడి నిండుగా ఉన్న రోజుల్లో మగవాళ్ళు రెండు రకాలు. బాతుల కోసం దోనె ఎక్కేవాళ్ళు కొందరు, కప్పల కోసం నీళ్ళలోకి దిగేవాళ్ళు కొందరు. తిబుర్సియో దిగేవాడు. పొగమంచు ఇంకా విడవని పొద్దున, మొలలోతు నీళ్ళలో, తుంగ దుబ్బుల మధ్య అతను నిలబడితే కొంగలు గుంజ అనుకుని దగ్గరికి వచ్చేవి. అతను కళ్ళు మూసుకునేవాడు. చూసి పట్టేవాడికి ఒక కప్పే దొరుకుతుంది, విని పట్టేవాడికి గుంపు దొరుకుతుంది అనేవాడు.

పట్టినవాటిని ఇంటి వెనక కాలువలో సగం మునిగిన పుల్లల బుట్టలో వేసి, మంగళవారం సంత దాకా బతికించి ఉంచేవాడు. సంతలో కూర్చునేది అతని భార్య మక్రినా. నా తుంగచాపల పక్కనే ఆమె గంప. చర్మం వొలిచి, పన్నెండేసి కప్పలను తుంగనారకు గుచ్చి దండ కట్టేది. పదకొండుతో దండ కట్టడం మా వాళ్ళలో దొంగతనం కన్నా నీచం. దొంగకైతే ఆకలి ఉందనుకోవచ్చు, పదకొండు కట్టినవాడికి ఏ సాకూ లేదు. తెలిసినవాళ్ళొస్తే పన్నెండు మీద ఒకటి కొసరు. నలభై రోజుల ఉపవాసాల్లో, ఊళ్ళో మాంసం ముట్టని కాలంలో, కప్ప మాకు చేప లెక్కే కాబట్టి, ఆ దండల కోసం ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకునేవాళ్ళు.

నా పెద్ద కూతురికి జ్ఞానస్నానమప్పుడు చేతుల్లో ఎత్తుకున్నది తిబుర్సియోనే. అప్పటినుంచి అతను నాకు కొంపాద్రే, నేను అతనికి కొమాద్రే. మా మధ్య ఉన్న చుట్టరికం అదే. రక్తం కన్నా గట్టిది అంటారు మావాళ్ళు.

ఊరికి పడమర, నెత్తిన మంచున్న అగ్నికొండ ఎప్పుడో కక్కిన నల్లరాతి బీడు ఉంది. ముళ్ళకంపలు, బల్లులు, ఎండకు కాలే రాళ్ళు. ఆ బీడు కడుపులో, నాలుగు వైపులా రాయి మూసిన చోట, ఒక ఊట. రెండు దోనెలు పట్టనంత గుంట. నీళ్ళు ఎంత చల్లన అంటే, చేయి పెడితే చేయి మనది కాదనిపించేది. అక్కడ కప్పలు తక్కువ. వాటికోసం ఎవరూ వెళ్ళేవారు కాదు. తిబుర్సియో మాత్రం వెళ్ళి కూర్చునేవాడు. పట్టడానికి కాదు, వినడానికి. మన చిత్తడి కప్ప తడిచేత్తో బుట్ట అల్లికను గబగబా రుద్దినట్టు అరుస్తుంది, ఊట కప్ప పాత తలుపు ఆగి ఆగి మూడుసార్లు తెరుచుకున్నట్టు పలుకుతుంది అని చెప్పేవాడు. ఒంటి మీద అవే మచ్చలు, అదే ఆకుపచ్చ.

కసాయి ఫెర్మిన్ అతను కనిపిస్తే చాలు, కత్తి దించి పిలిచేవాడు.

“ఏం తిబుర్సియో, ఇవాళ ఊట కప్పలు ఏ భాషలో పలకరించాయి?”

“నీ పెళ్ళాం నిన్ను తిట్టే భాషలో. ఊరందరికీ అర్థమవుతుంది, నీకు తప్ప.”

డెబ్బై ఒకటో సంవత్సరం మే నెలలో, మొదటి వానలతోపాటు, ఒక మనిషి తోలుపెట్టెలో మాటలు పట్టే యంత్రం పెట్టుకుని మా ఊరికి వచ్చాడు. పేరు కింతానా. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డాక్టరు. డాక్టరన్న మాట విని మొదటిరోజే నలుగురు పంటినొప్పితో, ఒకడు గజ్జల్లో కురుపుతో వచ్చి వరసలో నిలబడ్డారు. తాను కప్పలను చదివేవాణ్ణని ఆయన చెప్పుకునేసరికి వరసంతా నవ్వు.

“కప్పలకేం జబ్బు చేసిందయ్యా?” అంది మక్రినా.

“జబ్బేం లేదమ్మా. ఎవరు ఎవరి బిడ్డలో తేలలేదు.”

“మా ఊళ్ళో మనుషులకే తేలదు. కప్పలదాకా ఎందుకు!”

మూడు రోజుల తర్వాత, నన్ను నమ్మే మనిషి దొరికాడు కొమాద్రే అంటూ తిబుర్సియో మా ఇంటికి వచ్చాడు. సాయంత్రం చీకటి పడుతుండగా ఆయన్ను ఊట దగ్గరికి తీసుకెళ్తున్నాడట, నన్నూ రమ్మన్నాడు. సాక్షిగా అనుకుంటాను. ముప్పై ఏళ్ళు నవ్విన ఊరికి ఒక సాక్షి కావాలి కదా.

రాళ్ళ మీద కూర్చున్నాం. వెలుగు కొండమీదికి ఎక్కిపోయింది. డాక్టరు యంత్రం మీట నొక్కాడు. చాలాసేపు ఏమీ లేదు, చల్లదనం ఒక్కటే రాళ్ళ సందుల్లోంచి మా కాళ్ళమీదికి పాకింది. తర్వాత నీటి అంచున పాత తలుపు తెరుచుకుంది. ఆగింది. మళ్ళీ తెరుచుకుంది. డాక్టరు తల వంచేసుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఊపిరి చప్పుడు యంత్రంలో పడకుండా బిగబట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ వారమంతా ఆయన మక్రినా వంటగదిలోనే. పచ్చటి పులుసులో ఉడికిన కప్పలు తింటూ, రొట్టెముక్కతో గిన్నె తుడుస్తూ చెప్పేవాడు. మంచుదేశం నుంచి మా దాకా ఉన్న మచ్చల కప్పలన్నీ ఒకటే అని పెద్దపెద్దవాళ్ళు నూరేళ్ళుగా రాసుకున్నారట. ఇప్పుడు చెవి పెట్టి వింటే ఒక్కో చోట ఒక్కో గొంతు. ఆడకప్ప తనవాడి గొంతుకే వెళ్తుంది, పక్కవాడు ఎంత అరిచినా తిరిగి చూడదు. అలా వేల ఏళ్ళు తిరిగి చూడకపోతే రెండు జాతులవుతాయి.

“మరి ఇవి ఎప్పుడు విడిపోయాయి?” అడిగాడు తిబుర్సియో.

“కొండ కక్కినప్పుడు. రాయి పారి వచ్చి అడ్డం పడింది. కొన్ని ఇటు, కొన్ని అటు.”

“అటువైపు ఉండిపోయినవి ఎదురుచూసి ఉంటాయి పాపం.”

“మొదట్లో చూసి ఉంటాయి,” అన్నాడు డాక్టరు, నవ్వకుండా.

అప్పటికే ఊట చుట్టూ నగరం నీళ్ళవాళ్ళు పాతిన ఎర్రరంగు మేకులున్నాయి. ఇరవై ఏళ్ళుగా మా ఊటల్లో ఒకదాని తర్వాత ఒకటి గొట్టాలు దిగుతున్నాయి, నీళ్ళు కొండ దాటి మహానగరానికి పోతున్నాయి. చిత్తడి ఏటేటా ఇంటి గడపల నుంచి వెనక్కి జరుగుతోంది. నల్లరాతి ఊట మాత్రం మిగిలింది. ఇప్పుడు దాని వంతు. తిబుర్సియో డాక్టర్ని ఆ మేకుల దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడు.

డాక్టరే, అతని పేరుకు ముందు గౌరవంగా దోన్ చేర్చి, అన్నాడు. “ఈ కప్ప లోకంలో ఇంకెక్కడా లేదని చూపించగలిగితే, నీళ్ళవాళ్ళకు నేను రాస్తాను. మాట ఇవ్వలేను దోన్ తిబుర్సియో. కానీ గొంతు ఒక్కటి చాలదు, ఎముకలు కొలవాలి. ఊటలోవి ఒక డజను కావాలి. నాకు పాఠాలున్నాయి, వెళ్ళిపోవాలి. ఈ మంగళవారం కాక పై మంగళవారం సంతకి వస్తాను. పడతారా?”

“డజనెంత పని!” అన్నాడు తిబుర్సియో.

తొమ్మిది రోజులు. ఊట నీళ్ళలో అంతసేపు నిలబడ్డవాడు ఊళ్ళో ఇంకెవడూ లేడు. కాళ్ళు నీలంగా తేలి ఇంటికి వచ్చేవాడు. మక్రినా ఆ కాళ్ళకు వేడి బూడిద మూటలు కట్టేది. “ముసలోడా, కప్పలకోసం కప్పవైపోతావురా,” అని తిట్టేది. సోమవారం సాయంత్రానికి ఏడు. గుంటలో ఇక గొంతు లేదు. బహుశా దాక్కున్నాయి అన్నాడు. బుట్టలో ఏడింటినీ చూస్తూ కాలువ గట్టున కూర్చున్నాడు.

నేను చాపలకు తుంగ కోసుకుని అటుగా వచ్చాను.

“ఏడే,” అన్నాడు.

ఆ రోజు నోరు మూసుకుని నా దారిన పోయి ఉంటే బాగుండేది. “పన్నెండు అడిగిన మనిషి చేతిలో ఏడు పెడతావా కొంపాద్రే? మక్రినా మొహం ఏమవుతుంది సంతలో? అంత దూరం నుంచి వస్తున్నాడు,” అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అతను ఏడింటినీ మరోసారి లెక్కపెట్టాడు. “గొంతు ఆయన ఎలాగూ పట్టుకుపోయాడు. తేడా అంతా గొంతులోనే కదా. మాంసం, ఎముక ఏ కప్పకైనా ఒకటే,” అన్నాడు. పక్కనున్న పెద్దబుట్ట మూత తీశాడు. చిత్తడి కప్పల్లోంచి అదే ఎత్తువి, అదే పచ్చవి ఏరి ఐదు వేశాడు. కాసేపు ఆగి, ఇంకొకటి వేశాడు.

“అదెందుకు?”

“కొసరు. నన్ను నమ్మినవాడికి పన్నెండేనా ఇచ్చేది?”

మరునాడు డాక్టరు సంచి అందుకుని లెక్కపెట్టి, పదమూడు చూసి, టోపీ తీసి తిబుర్సియోకి వంగి దండం పెట్టాడు. ఫెర్మిన్ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు తిబుర్సియో కిత్తనార కల్లు తాగి, తాగనివాళ్ళకూ పోయించాడు.

అక్టోబరులో డాక్టరు తిరిగి వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టిన తీరులోనే తెలిసింది, చావు కబురు తెచ్చినవాళ్ళు అలా కాళ్ళు తుడుచుకుంటారు. మక్రినా వేసిన పీట మీద కూర్చుని కాగితాలు విప్పాడు. నేనూ ఉన్నాను, తిబుర్సియోకి చదువు రాదు కాబట్టి కాగితం విషయమంటే నన్ను పిలుస్తాడు.

“నేను తప్పు అనుకున్నాను,” అన్నాడు డాక్టరు. “ఊటలోవి కొన్ని పొట్టికాళ్ళవి, కొన్ని అచ్చం చిత్తడివాటిలా పొడుగుకాళ్ళవి. కలిపి చూస్తే తేడా ఏమీ మిగలడం లేదు. ఒకే జాతి. రకరకాలుగా ఉంది, అంతే.”

“మరి గొంతు?” అన్నాడు తిబుర్సియో. అతని గొంతు నాకు వినపడలేదు, పెదాలు కనపడ్డాయి.

“నీళ్ళు చల్లన. చలిలో ఏ కప్పైనా మెల్లగా పలుకుతుంది. ముందే ఆలోచించాల్సింది. నీళ్ళవాళ్ళు అడిగారు, ఉన్నది ఉన్నట్టు రాసివ్వాలి. ఈ నెలాఖరుకి పంపాలి.”

పొయ్యిమీద పులుసు ఉడుకుతోంది. మక్రినా గరిటె తిప్పడం ఆపి మొగుడి వైపు చూసింది. ఆమెకు తెలియదు. నేను తిబుర్సియో వైపు చూశాను, అతను నావైపు చూశాడు. ఒక మాట. ఆరు ఊటవి కావు, చిత్తడివి. ఆ ఒక్క మాట మా ఇద్దరి నోళ్ళలోనూ ఉంది. బయటికొస్తే, ఒక సరుకు అడిగితే ఇంకో సరుకు కలిపి ఇచ్చినవాడు అవుతాడు తిబుర్సియో, ఇరవై ఏళ్ళు మక్రినా కట్టిన దండలన్నీ మళ్ళీ లెక్కపెడుతుంది సంత. నేను మాట్లాడలేదు. అతను డాక్టరు గిన్నెలో ఇంకో గరిటె పులుసు వేయమన్నాడు.

ఫెర్మిన్ ఆ వారం ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టిందట తిబుర్సియోని.

జనవరిలో గొట్టం దిగింది. యంత్రం చప్పుడు బీడంతా పాకి ఊరిదాకా వచ్చింది. రాత్రింబగళ్ళు ఒకే మాట. ఫిబ్రవరికి ఊట అడుగు కనపడింది. నల్లటి రాయి, దానిమీద ఎండిన పాచి, పాచిమీద పగుళ్ళు. మార్చిలో తిబుర్సియో అక్కడికి బిందెలతో నీళ్ళు మోశాడు. గాడిద మీద కాదు, గాడిదైతే జనం అడుగుతారని భుజం మీద. మక్రినా అడిగింది. అప్పుడు చెప్పాడు ఆమెకు. ఆమె తిట్టలేదని నాతో అన్నాడు. “తిడితే బాగుండేది కొమాద్రే. లేచి వెళ్ళి దండ కట్టే నార అంతా పొయ్యిలో పెట్టింది.”

మే వచ్చింది. వానలు పడ్డాయి. చిత్తడిలో మిగిలిన నీళ్ళ మీద బుట్ట అల్లికలు రుద్దుకున్నాయి. తిబుర్సియో ఊట దగ్గర కూర్చున్నాడు, రాతిగుంటలో వాన తెచ్చిన కాసిని నీళ్ళ పక్కన, ఇరవై మూడు సాయంత్రాలు. తలుపు తెరుచుకోలేదు.

ఇరవై నాలుగో రోజు మా ఇంటికి వచ్చి, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. “నగరానికి పోదాం పద. అక్కడ ఏది ఎక్కడుందో చదివి చెప్పేవాళ్ళు కావాలి.”

విశ్వవిద్యాలయంలో డాక్టరు గది సారా వాసన వేసింది. గోడలనిండా కప్పలు నానుతున్న సీసాలు. తిబుర్సియో కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, దాచకుండా, కొసరుతో సహా. నేను ఏమన్నానో అది మాత్రం చెప్పలేదు. అది నేనే చెప్పాను.

డాక్టరు ముందున్న కాగితాలు పక్కకు జరిపాడు.

“ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు దోన్ తిబుర్సియో? చిత్తడి నీళ్ళ మీద బతికేవాడు, గొట్టం దిగాక మాట మార్చాడంటారు.”

“మీరు?”

ఆయన లేచాడు. అలమర తెరిచి వెడల్పాటి సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. అందులోంచి ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పరిచాడు. పదమూడు. పచ్చదనం పోయి అన్నీ ఒకే బూడిదరంగు. ప్రతిదాని కాలికీ దారంతో చిన్న అట్టముక్క. ఆ అట్టముక్కల్ని వెనక్కి తిప్పి పెట్టాడు.

“ఏవి మీవి?”

తిబుర్సియో వంగి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అతని చెవికి ఇక్కడ పని లేదు. వెనక్కి జరిగాడు. ఇక వెళ్ళిపోదామంటాడనుకున్నాను. అప్పుడు కళ్ళు మూసుకుని చేయి చాచాడు. ఒక కప్పను అరచేతిలో పెట్టుకుని, తొడ దగ్గర బొటనవేలు ఆన్చి, మోకాలిదాకా మెల్లగా నడిపించాడు. కుడివైపు పెట్టాడు. రెండోది. మూడోది ఎడమవైపు.

“ఇది దూకనక్కర్లేనిది,” అన్నాడు కళ్ళు తెరవకుండా. “నాలుగు పక్కలా రాయి ఉన్నప్పుడు ఎక్కడికి దూకుతుంది? చిన్న తొడ.”

చివరిదాకా అలాగే. ఎడమవైపు ఏడు, కుడివైపు ఆరు. డాక్టరు అట్టముక్కలు తిప్పి, అంకెలు చూసి, పాత కొలతల పుస్తకం తీశాడు. వేలు పెట్టి ఒక్కొక్క వరసా చూసుకుంటూ వెళ్ళాడు. ఏడింటి కొలతలు ఒక గుంపు, ఆరింటివి ఒక గుంపు, రెండింటి మధ్య ఒక్కటీ లేదు.

“ఈ రెండు గుంపులూ అప్పుడే కనపడ్డాయి నాకు,” అన్నాడు. “మగా ఆడా తేడా అనుకున్నాను. అన్నీ కలిపి పదమూడుతో భాగించాను.” పుస్తకం మూశాడు. “మీరు విన్నది నిజం. వేరే జాతే. కొండ కక్కిన నాటినుంచి వేరు.”

తిబుర్సియో కళ్ళు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా అతను వినాలనుకున్న మాట అది. ఆ మాట పడ్డ చోట అతని ముఖంలో ఏమీ కదల్లేదు.

“ఎన్ని మిగిలుంటాయి?” అన్నాడు డాక్టరు.

“మే అంతా కూర్చున్నాను.”

ఆ తర్వాత డాక్టరు కొత్త అట్టముక్కలు కత్తిరించాడు. కుడివైపు ఆరింటికి పాతవి విప్పి, చిత్తడి అని రాసి వేరే సీసాలో వేశాడు. ఇదంతా మళ్ళీ రాస్తాను, నా తప్పు కూడా రాస్తాను అన్నాడు. కొత్త జాతి అంటే పేరు పెట్టాలి, మొదట విన్న మనిషి పేరు పెట్టడం మా ఆచారం, మీ పేరు పెడతాను అన్నాడు.

“వద్దు డాక్టరుగారూ,” అన్నాడు తిబుర్సియో. “బిడ్డను చంపినవాడి పేరు బిడ్డకు ఎవరైనా పెడతారా?”

డాక్టరు కలం కింద పెట్టేశాడు. కాసేపటికి తిబుర్సియో నావైపు తిరిగి, ఎడమవైపు వాటి కాళ్ళకున్న అట్టలమీద ఏం రాసి ఉందో చదవమన్నాడు.

నేను చదివాను. “సాన్ బర్తోలో, నల్లరాతి ఊట. జూన్ 1971. పట్టినవారు: తిబుర్సియో అల్వా.”

“రెండోది.”

“సాన్ బర్తోలో, నల్లరాతి ఊట. జూన్ 1971. పట్టినవారు: తిబుర్సియో అల్వా.”

అన్నిటి మీదా అదే ఉందని చెప్పాను. చదవమన్నాడు. టోపీ రెండు చేతుల్లో గుండెకు ఆన్చుకుని నిలబడ్డాడు, పాదిరి చచ్చినవాళ్ళ పేర్లు వరసగా చదివేటప్పుడు మావాళ్ళు నిలబడేలా. మూడోది చదివాను. నాలుగోది. ఐదోది. ఆరోది. ఏడోది.

“తర్వాతది,” అన్నాడు.

“అయిపోయాయి కొంపాద్రే.”

“చూడు,” అన్నాడు. “సరిగ్గా చూడు. ఒక్కటైనా మిగిలి ఉంటుంది.”